డెట్రాయిట్‌లో రెండు రాత్రులు, బావ కారు అద్దాలు

మా బావ పదమూడేళ్లుగా డెట్రాయిట్ శివారు కాంటన్‌లో ఉంటున్నాడు. ఎవరడిగినా 'డెట్రాయిట్‌లో ఉంటాం' అనే చెప్తాడు. ఊళ్లోకి అడుగుపెట్టేది మాత్రం ఏడాదికి రెండుసార్లు, అదీ మ్యాచ్ ఉంటేనే. ఆయన్ని అని లాభం లేదు. అక్కడి మన సంఘాల పేర్లలోనూ డెట్రాయిట్ ఉంటుంది, ఉగాది మాత్రం శివార్లలోని నోవైలోనో ఫార్మింగ్టన్ హిల్స్‌లోనో చేస్తారు.

అందుకే "ఈసారి ఊళ్లోనే, కార్క్‌టౌన్‌లో రూమ్ తీసుకున్నా బావా" అని చెప్పగానే ఫోన్లో కాసేపు చప్పుడు లేదు.

"ఇంట్లో రెండు గదులు ఖాళీగా పడున్నాయి కదరా! అక్కడ రాత్రికి కారు పెడితే పొద్దున్నకి అద్దాలుండవు."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2012లో నేను మొదటిసారి వెళ్లినప్పుడు మూతపడ్డ పాత రైల్వే స్టేషన్ మిషిగన్ సెంట్రల్‌ని కదిలే కార్లోంచే చూపించాడు. 18 అంతస్తుల భవనం, కిటికీలకి అద్దాల్లేవు. ఇటు కన్నంలోంచి చూస్తే అటు ఆకాశం. ఫొటో తీసుకుంటా ఆపమంటే "ఆపను, నువ్వు అద్దం దించకు" అన్నాడు. ఆ మరుసటి ఏడాది జులైలోనే ఊరు దివాలా పిటిషన్ వేసింది. అప్పులు దాదాపు 1,800 కోట్ల డాలర్లు. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020 లెక్కలకి 6 లక్షల 39 వేలకి దిగింది. మూడొంతుల్లో రెండొంతుల మంది వెళ్లిపోయిన ఊరన్నమాట.

ఎయిర్‌పోర్ట్ నుంచి డౌన్‌టౌన్‌కి 261 నంబరు ఫాస్ట్ బస్సుంది, 2 డాలర్లు. మిషిగన్ అవెన్యూ మీదుగానే వెళ్తుంది కాబట్టి శివార్ల నుంచి నడిబొడ్డు దాకా ఊరు ఎలా మారుతూ వస్తుందో కిటికీలోంచి కనిపిస్తుంది. సామాన్లు తక్కువుంటే టాక్సీ జోలికి పోకండి.

బస మాత్రం నిరాశపరిచింది. పాత చెక్క ఇంటి పైవాటా, పేరు చెప్పను. ఫోటోల్లో ఉన్నట్టే ఉంది, కాకపోతే తలుపు కోడ్ పనిచేయలేదు. యజమాని ఫోన్ ఎత్తడు, మెసేజ్‌కి యంత్రం జవాబిస్తుంది. నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను. ఎదురింటి తలుపుకి అట్టముక్క మీద చేత్తో రాసి అంటించిన చీటీ అప్పుడే కంట్లో పడింది: 'ఇల్లు అమ్మం. ఫోన్ చేయకండి, కార్డు పడేయకండి.' పన్నెండేళ్ల క్రితం ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లు దొరకని ఇళ్లు చాలా ఉండేవిక్కడ. ఇప్పుడు అమ్మనని చీటీ పెట్టుకోవాల్సి వస్తోంది. నేను దిగిన ఇంట్లోనూ ఒకప్పుడు ఎవరో కాపురం ఉండే ఉంటారు కదా, ఆ ఆలోచన వచ్చాక కోడ్ గురించిన కోపం కొంచెం తగ్గింది.

స్టేషన్‌కి మర్నాడు పొద్దున్నే వెళ్లాను. 1913లో తెరిచి, 1988 జనవరిలో చివరి రైలు పంపించి మూసేశారు. ఫోర్డ్ కంపెనీ 2018లో కొని, 2024 జూన్‌లో మళ్లీ తలుపులు తీసింది. రోమన్ స్నానశాలల్ని తలపించే ఆ వెయిటింగ్ హాల్లో నిలబడితే, మెడ నొప్పి పుట్టేదాకా తల దించబుద్ధి కాదు. పైకప్పు పెంకులు వేలల్లో ఉంటాయి, ఒక్కొక్కటీ చూసి బాగుచేశారు. గోడల మీద దొంగచాటుగా గీసిన బొమ్మలు కొన్నింటిని చెరపకుండా వదిలేశారు, అది నాకు నచ్చింది. పనిచేస్తుండగా పైన ఒక పాత బీరు సీసా దొరికిందట. అందులో చీటీ. 1913 జులైలో అక్కడ పనిచేసిన ఇద్దరు పనివాళ్లు తమ పేర్లు రాసి దాచారు. నూరేళ్ల పైచిలుకు తర్వాత అదే మూల చెయ్యి పెట్టింది మళ్లీ ఒక పనివాడే.

ఒక్కటే లోటు, రైలు రాదు. ఊళ్ల మధ్య తిరిగే ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కాలంటే వేరే స్టేషన్‌కి పోవాలి. "పెళ్లి మండపం కట్టి పెళ్లికొడుకుని మర్చిపోయారు" అన్నాడు బావ ఫోన్లో.

రెండో రోజు ఆయనే వచ్చాడు, అక్క తరిమితే. ముందు ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. వేన్ కౌంటీ వాళ్లకి ప్రవేశం ఉచితం, కాంటన్ కూడా అందులోదే. పదమూడేళ్లుగా తన పన్ను డబ్బులతో నడుస్తున్న చోటికి బావ రావడం అదే మొదలు! మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932-33లో గీసిన 27 కుడ్యచిత్రాలు ఒకే హాలు చుట్టూ ఉంటాయి, వాటిలో పెద్దవి రెండూ కార్ఖానా పనివాళ్లవే. దివాలా రోజుల్లో ఇక్కడి కళాఖండాలు అమ్మేద్దామన్న మాట కూడా నడిచింది. దాతలు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి డబ్బు సర్ది అటు ఊరి ఉద్యోగుల పింఛన్లని చాలావరకూ, ఇటు బొమ్మల్నీ కాపాడారు. ఆటో కంపెనీలో పనిచేసే బావ ఇంజిన్ బ్లాక్ బొమ్మ ముందు అరగంట కదల్లేదు.

తర్వాత తూర్పు వైపు, హైడెల్‌బర్గ్ వీధికి. టైరీ గైటన్ అనే కళాకారుడు 1986 నుంచి పాడుబడ్డ ఇళ్లకి చుక్కలు వేసి, బొమ్మలు, బూట్లు తగిలించి వీధినే ప్రదర్శనగా మార్చాడు. 1991లో, 1999లో మున్సిపాలిటీయే వచ్చి కొంత కూల్చింది. ఇదే అందం అని నేననను, కొన్ని వానకి తడిసి చీకిన టెడ్డీ బేర్లు, అంతే. నా మనసు పట్టుకున్నది ఆ పక్క వీధి. రెండిళ్ల మధ్య ఖాళీ జాగాలో ఒక పెద్దావిడ టమాటా కర్రలు పీకుతోంది. పలకరిస్తే, ఆ జాగా ల్యాండ్ బ్యాంకు (ఊళ్లోని ఖాళీ స్థలాలు, ఇళ్లు చూసుకునే ప్రభుత్వ సంస్థ) దగ్గర 100 డాలర్లకి కొన్నానంది. పక్కింటివాళ్లకి అలా ఇచ్చే పద్ధతి ఉంది. "ఇరవయ్యేళ్లు వాళ్ల గడ్డి నేనే కోశాను, ఇప్పుడు నా గడ్డి నేను కోస్తున్నా" అని నవ్వింది. స్టేషన్ చూసి అబ్బురపడ్డాను, నిజమే. కానీ ఊరు లేచిందా అని అడిగితే నేను ముందు ఈ జాగానే చూపిస్తాను.

అక్కడే చీకటి పడింది, దీపాలు వెలిగాయి. దివాలా నాటికి ఊళ్లో పదింట నాలుగు వీధిదీపాలు వెలిగేవి కావు. రాగి తీగలు కోసుకుపోయేవాళ్లు. 2016 చివరికల్లా 65 వేల ఎల్ఈడీలు పెట్టారు, తీగలు అల్యూమినియంవి వేశారు, దొంగకి గిట్టుబాటు కాకుండా. స్టేషన్ ఎవరికి పనికొచ్చినా రాకపోయినా, ఈ వెలుతురు ఆ పెద్దావిడ గుమ్మం దాకా వచ్చింది.

సలహా అడిగితే: ఒక రాత్రి చాలదు, రెండుండండి. శనివారం కలిసేలా చూసుకుంటే ఈస్టర్న్ మార్కెట్ సంత దొరుకుతుంది. బస తీసుకునే ముందు ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి.

బావ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. నాలుగు అద్దాలూ తట్టి చూసుకున్నాడు.

"వచ్చే వారం మీ అక్కని తీసుకొస్తా," అన్నాడు స్టీరింగ్ ముందు కూర్చుంటూ. కాసేపాగి, "పగలే అనుకో."