13త్ ఫ్లోర్ ఎలివేటర్స్: ముందు ఏ ఆల్బమ్ వినాలి?

టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 1965లో పుట్టిన ఈ రాక్ బ్యాండ్‌లోకి రెండు దారులున్నాయి: 1966లో వచ్చిన తొలి ఆల్బమ్, 1967 నాటి ‘ఈస్టర్ ఎవ్రీవేర్’.

ఊపు కావాలంటే మొదటిదే. అమెరికాలో పాటల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ జాబితాలో 55వ స్థానం దాకా వెళ్లిన ‘యూ ఆర్ గొన్నా మిస్ మీ’ ఇందులోదే. గిటార్ల వెనక గువ్వలా కువకువలాడేది సింథసైజర్ కాదు, కూజా! బ్యాండ్ సభ్యుడు టామీ హాల్ దాని మూతి దగ్గర మైకు పట్టుకుని గొంతుతోనే ఆ శబ్దం తీసేవాడు. కొత్తవాళ్లకు అడ్డుపడేదీ అదే, పాట తర్వాత పాటలో వదలదు. అట్ట వెనక మత్తుపదార్థాలను సమర్థిస్తూ రాసిన వ్యాసం సరేసరి.

రెండోదానికల్లా డ్రమ్మర్, బేస్ గిటారిస్టు మారారు. ఎనిమిది నిమిషాల ‘స్లిప్ ఇన్‌సైడ్ దిస్ హౌస్’లో మాటలకే బరువు. సాహిత్యం పట్టించుకునేవాళ్లు ఇక్కడే మొదలెట్టొచ్చు. నా ఓటూ దీనికే.

1968 నాటి ‘లైవ్’ జోలికి మాత్రం పోకండి. స్టూడియో రికార్డింగులకు చప్పట్లు అతికించిన సరుకది.

గాయకుడు రాకీ ఎరిక్సన్ 1969లో ఒక్క గంజాయి సిగరెట్‌తో పట్టుబడ్డాడు. జైలు తప్పించుకోవడానికి మతిస్థిమితం లేదని వాదించి, 1972 దాకా మానసిక ఆసుపత్రుల్లో మగ్గాడు.