నాలుగేళ్ళు ఒక చీర్ జిమ్‌లో, 14 నెలలు ఇంకో జిమ్‌లో: మారాలా వద్దా అని నలిగిపోతున్నవాళ్ళ కోసం

నాకిప్పుడు 17 ఏళ్ళు, సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది, చదువుతున్నాను. మాది మదనపల్లె. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నప్పటి నుంచీ బెంగళూరులోనే, కుందలహళ్ళిలో ఉంటున్నాం. పన్నెండో ఏట ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న ఒక జిమ్‌లో చీర్‌లీడింగ్ నేర్చుకోవడానికి చేరాను. నాలుగేళ్ళు అక్కడే. 14 నెలల కిందట జయనగర్ వైపు ఉన్న ఇంకో జిమ్‌కి మారాను. రెండింటి పేర్లూ రాయడం లేదు. పాత జిమ్ గురించి కొన్ని కష్టమైన మాటలు చెప్పాలి, నా స్నేహితులు ఇంకా అక్కడే నేర్చుకుంటున్నారు. మారే ముందు పదకొండు నెలలు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఆ రోజుల్లో ఇలాంటిది తెలుగులో ఒక్కటి దొరికినా చదివి కొంచెం ధైర్యం తెచ్చుకునేదాన్ని.

చీర్‌లీడింగ్ అనగానే మా అవ్వకి ఐపీఎల్ గుర్తొస్తుంది. ఆమె తప్పేమీ లేదు. 2008లో మొదటి ఐపీఎల్ సీజన్ మా చిన్నస్వామి స్టేడియంలోనే మొదలైంది, ఆ ఏడాది బెంగళూరు జట్టు అమెరికా నుంచి చీర్‌లీడర్లను తెప్పించింది. మన ఇళ్ళలోకి ఆ మాట టీవీ నుంచే వచ్చింది. నేను నేర్చుకునేది పోటీ ఆట. రొటీన్ రెండున్నర నిమిషాలు. అందులోనే జిమ్నాస్టిక్స్ లాంటి టంబ్లింగ్, ఒకరిని ముగ్గురు ఎత్తి నిలబెట్టే స్టంట్లు, పిరమిడ్లు, జంప్‌లు, కొంచెం డాన్స్ అన్నీ పట్టాలి. ఇంటర్నేషనల్ చీర్ యూనియన్‌ను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో పూర్తిగా గుర్తించింది. ఈ సంగతి అవ్వకి చెప్పినప్పుడు గొప్పగా చెప్పాను కానీ, దాని అసలు ఉపయోగం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఈ ఆటకి రాసిపెట్టిన నియమాలున్నాయి. ఏ లెవెల్‌లో ఎంత ఎత్తు వరకు ఎత్తొచ్చో, కింద ఎవరు నిలబడి తీరాలో అందులో ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు. నేను చదివింది మాత్రం కిందపడ్డాక.

ముందు పాత జిమ్‌లో బాగున్నవి చెబుతాను, లేకపోతే అన్యాయం అవుతుంది. కార్ట్‌వీల్ కూడా రాని పిల్లకి రౌండాఫ్, హ్యాండ్‌స్టాండ్, స్ప్లిట్ అన్నీ అక్కడే వచ్చాయి. సార్ ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదు. మా నాన్న ఉద్యోగం పోయిన రెండు నెలలు ఫీజు ఊసే ఎత్తలేదు. ఆదివారం ప్రాక్టీసు అయ్యాక మా ఎడమవైపు బేస్, అంటే కింద నుంచి ఎత్తే అమ్మాయి, వాళ్ళ అమ్మ డబ్బా నిండా చిత్రాన్నం తెచ్చేది, అందరం మ్యాట్ మీదే కూర్చుని తినేవాళ్ళం. గురుపౌర్ణమికి సార్ కాళ్ళకి దండం పెట్టేదాన్ని. ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవం ఉంది. మారడం అంత కష్టమైంది కూడా అందుకే.

ఇక లోపాలు. టైల్స్ నేల మీద ఒకదానికొకటి అతికే ఫోమ్ మ్యాట్‌లు, మందం 25 మిల్లీమీటర్లు. క్లాసులో 30 మందిమి, సార్ ఒక్కరే. ఫ్లయర్లను, అంటే పైకి ఎత్తించుకునేవాళ్ళను, వారం వారం అందరి ముందూ బరువు తూచేవారు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక్క ఏడాదిలో ఏడు సెంటీమీటర్ల ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగితే బరువు పెరుగుతుంది, బ్యాలెన్స్ కూడా మళ్ళీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి. నాకు మాత్రం "రాత్రి భోజనం తగ్గించు" అన్న మాట ఒక్కటే వినపడింది. తగ్గించాను. అమ్మకి చెప్పలేదు. మీలో ఎవరికైనా ఇలాంటి మాట వినపడుతుంటే మిగతాదంతా చదవకపోయినా ఫరవాలేదు, వెళ్ళి అమ్మకి చెప్పండి.

పడిన రోజు గురించి. మా టీమ్ చేసేది లెవెల్ 2 రొటీన్. ఆ లెవెల్‌లో చేతులు పూర్తిగా చాచి తలపైకి ఎత్తినప్పుడు ఫ్లయర్ రెండు కాళ్ళ మీద నిలబడాలి. ఒంటికాలి స్టంట్ అయితే ప్రెప్ వరకే, అంటే బేస్‌ల భుజాల ఎత్తు దాకా. ఒక మాల్‌లో షో ఒప్పుకున్నారు. షోకి జడ్జిలు ఉండరు కాబట్టి ఒంటికాలి స్టంట్ తలపైకి పెడదామన్నారు, చూసేవాళ్ళకి బాగుంటుందని. ప్రెప్ ఎత్తులోనే అది మాకు పదిసార్లలో ఆరుసార్లే నిలిచేది. ఆ రోజు ప్రాక్టీసుకి మా బ్యాక్‌స్పాట్ అక్క రాలేదు, కాలేజీలో పరీక్ష. ఆమె బదులు చేరి నాలుగు నెలలైన అమ్మాయిని వెనక నిలబెట్టారు. బ్యాక్‌స్పాట్ అంటే లెక్కకి నాలుగో మనిషి అనుకుంటారు చాలామంది. ఫ్లయర్ పడేటప్పుడు చంకల కింద చేతులు వేసి తలా మెడా కాపాడేది ఆమే. నేను పైన ఉండగా కిందికి చూశాను, ఆ తప్పు నాదే. ఒళ్ళు వెనక్కి వాలింది. పాపం ఆ అమ్మాయి ముందుకి రావాల్సింది భయపడి వెనక్కి జరిగింది. ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేను ఎడమ బేస్ మీద పడ్డాను. నా మోచేయి తగిలి ఆమె కనుబొమ్మ చిట్లింది, ఐదు కుట్లు పడ్డాయి. నా తల మ్యాట్‌కి కొట్టుకుంది.

ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను పది నిమిషాలు కూర్చోబెట్టి, ఇంకొకరిని బేస్‌గా పెట్టి మళ్ళీ ఎక్కమన్నారు, భయం పోవాలని. ఎక్కాను. రెండు రోజులు తల తిరిగింది, వెలుతురు చూస్తే వాంతి వచ్చేలా ఉండేది. మూడో రోజు అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే తలకి అదురు తగిలిందని, రెండు వారాలు ఎగరడం, దూకడం, ఫోన్ చూడడం అన్నీ మానమన్నారు. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజుకి ఆట ఆపేయాలి, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ మొదలుపెట్టాలి. ఇది చీర్‌కే కాదు, ఏ ఆటకైనా అంతే. ఆ రెండు వారాలు ఇంట్లో ఉండగానే నాన్న లెవెల్ నియమాలు ప్రింటు తీసి చదివి వినిపించారు. తలపైకి ఎత్తే స్టంట్‌కి స్పాటర్, అంటే పడితే కాపాడే మనిషి, తప్పనిసరి అన్న వాక్యం దగ్గర ఆగి నా వైపు చూశారు. నాకు ఏడుపొచ్చింది.

అయినా వెంటనే మారలేదు. ఎందుకని చాలామంది అడుగుతారు. స్టంట్ గ్రూప్‌లో నలుగురం. నేను వెళ్ళిపోతే ముగ్గురి చేతులూ ఖాళీ. వాళ్ళకి కొత్త ఫ్లయర్ దొరకాలి, కుదరాలి, దానికి నెలలు పడుతుంది. నా వల్ల కుట్లు పడిన అమ్మాయి వారం తిరక్కుండా వచ్చి మళ్ళీ నా పాదం కింద చెయ్యి పెట్టింది. అలాంటిదాన్ని వదిలి ఎలా వెళ్ళను? పైగా సార్‌కి ద్రోహం చేస్తున్నానన్న బాధ. ఇంకో కారణం, వెళ్ళడానికి చోట్లు కూడా పెద్దగా లేవు. నేను వెతికినప్పుడు బెంగళూరులో చీర్ నేర్పేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని దొరికాయి. వాటిలోనూ కొన్ని డాన్స్ క్లాసులే, స్టంట్లు నేర్పరు. జిమ్నాస్టిక్స్‌కి మారిపోదామా అని కూడా అనుకున్నాను. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చిన వీడియో ఎన్నిసార్లు చూశానో. కానీ నాకు ఒంటరిగా పరుగెత్తి దూకడం కన్నా నలుగురం కలిసి ఎత్తడమే ఇష్టం.

నాన్న ఒక రోజు, "నీకు అక్కడ విసుగొస్తోందా, భయమేస్తోందా?" అని అడిగారు. విసుగైతే ఆగమన్నారు, టీమ్‌లో గొడవలు, స్థానం మారడం లాంటివి ఏ జిమ్‌కి వెళ్ళినా ఉంటాయన్నారు. నేను ఆలోచించి చూసుకుంటే, ప్రాక్టీసుకి బయల్దేరే ముందు రోజూ కడుపులో తిప్పేది. షోలో తప్పు చేస్తానని ఉండే టెన్షన్ నాకు తెలుసు, అది వేరే. ఇది, పడితే పట్టుకుంటారో లేదో అన్న భయం.

కొత్త జిమ్‌లో ట్రయల్ క్లాసుకి వెళ్ళాను. ఆ రోజు నేను చూసిన ఒక్క సంగతి మీద నిర్ణయం జరిగిపోయింది. ఒక గ్రూప్‌లో బ్యాక్‌స్పాట్ రాలేదు. మేడమ్ రిజిస్టర్ తీసి, ఆ స్థానంలో నిలబడడం నేర్చుకున్నవాళ్ళ పేర్లు చూశారు, ఆ పూట ఎవరూ ఖాళీ లేరు. "అయితే ఈరోజు మీరు ప్రెప్ దాటొద్దు" అని చెప్పి పక్కకి వెళ్ళిపోయారు. పోటీ రెండు వారాల్లో ఉంది. ఎవరూ గొణగలేదు.

ఇప్పుడు 14 నెలల అనుభవం. మొదటి నెల నాతో ఒక్క స్టంట్ చేయించలేదు. పడడం, పడేవాళ్ళని పట్టుకోవడం, క్రేడిల్‌లో, అంటే పైనుంచి దిగే ఫ్లయర్‌ని ఊయల్లా చేతుల్లో పట్టుకునేటప్పుడు, చేతులు ఎక్కడ ఉండాలి, ఇవే. తర్వాత నా ఎత్తు చూసి బేస్‌గా వేశారు. నాలుగేళ్ళు ఫ్లయర్‌గా ఉన్నదాన్ని, ఆ రాత్రి చాలా ఏడ్చాను. టంబ్లింగ్‌లో ఇంకా వెనక్కి వెళ్ళాను. నా బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌లో, అంటే వెనక్కి దూకి చేతుల మీదుగా మళ్ళీ కాళ్ళ మీదికి వచ్చేదాంట్లో, మోచేతులు వంగుతున్నాయని దాన్ని పూర్తిగా ఆపించారు. రెండు నెలలు బ్రిడ్జి, హ్యాండ్‌స్టాండ్, వాలుగా ఉండే మ్యాట్ మీద ముక్కలు ముక్కలుగా డ్రిల్స్. పదమూడేళ్ళ పిల్లలు నా పక్కనే అవే చేస్తుంటే తల ఎత్తుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు మోచేతులు నిటారుగా ఉంటున్నాయి, రెండేళ్ళుగా ఉన్న మణికట్టు నొప్పి పోయింది. మారితే ముందు వెనక్కి వెళ్తారని తెలిసి వెళ్ళండి. వచ్చిన రోజే పై లెవెల్‌లో వేస్తామని ఎవరైనా ఆశ చూపిస్తే నాకైతే అనుమానం వస్తుంది.

స్ప్రింగ్ ఫ్లోర్ గురించి అందరూ అడుగుతారు. కింద స్ప్రింగులు, వాటి మీద ప్లైవుడ్ పలకలు, పైన ఫోమ్, కార్పెట్. అమెరికాలో ఆల్‌స్టార్, అంటే స్కూలు జట్లు కాకుండా జిమ్ జట్ల, పోటీల ఫ్లోర్ 54 అడుగులు, 42 అడుగులు ఉంటుంది, ఆరడుగుల వెడల్పు పట్టీలు తొమ్మిది పరుస్తారు. మా దగ్గర ఐదు పట్టీలే ఉన్నాయి, కాబట్టి ఫార్మేషన్లు ఇరుకుగా వేసి నేర్చుకుంటాం. మోకాళ్ళకి ఎంతో సుఖం. కానీ దాని మీద వచ్చిన ఎత్తు గట్టి నేల మీద రాదు, అందుకే వారంలో ఒక రోజు మామూలు మ్యాట్ మీద చేయిస్తారు. ఫ్లోర్ చూసి మాత్రం జిమ్ మారకండి. మంచి ఫ్లోర్ మీద కూడా స్పాటర్ లేకపోతే తల తగులుతుంది.

ఖర్చు, దూరం: పాతచోట నెలకి 3,000, ఇక్కడ 5,500. మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వెళ్ళి, గ్రీన్ లైన్ మారి, ఇంటి నుంచి గంటన్నర. 2023లో పర్పుల్ లైన్ పూర్తిగా కలిసింది కాబట్టి కుదిరింది, బస్సులో అయితే అమ్మ ఒప్పుకునేది కాదు. వారానికి ఐదు రోజుల నుంచి మూడు రోజులకి తగ్గింది. చదువు మెట్రోలోనే. అలసట నిజంగా ఉంటుంది, రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరతాను. ఇక్కడ లోపాలూ ఉన్నాయి. బట్టలు మార్చుకునే గది ఒక్కటే, చాలదు. మేడమ్ మాట తక్కువ, మెచ్చుకోలు ఇంకా తక్కువ. చిత్రాన్నం తెచ్చే అమ్మలు లేరు, క్లాసు అవగానే ఎవరి దారి వాళ్ళది.

మారడం ఎలా మారాను అంటే, డిసెంబరు షో అయ్యేదాకా ఆగాను. మధ్యలో వదిలితే ముగ్గురూ ఇబ్బంది పడతారు. ఆ షోలో ఒంటికాలి స్టంట్ ప్రెప్ దాటనని సార్‌కి ముందే చెప్పాను, చాలా కోపం వచ్చింది, కానీ బలవంతం చేయలేదు. జనవరిలో అమ్మా నేనూ స్వయంగా వెళ్ళి చెప్పాం. ఫోన్‌లో మెసేజ్ పెట్టి మానేయకూడదని నాన్న గట్టిగా చెప్పారు. సార్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "జాగ్రత్తగా ఉండు" అన్నారు. గ్రూప్ వాళ్ళకి మాత్రం నేను ముందే చెప్పి ఉండాల్సింది. సార్ ద్వారా తెలిసిందని ఇద్దరు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఇది నేను చేసిన పెద్ద పొరపాటు, మీరు చేయకండి.

ట్రయల్ క్లాసుకి వెళ్తే సరదా రోజున కాకుండా పోటీ దగ్గర పడిన వారంలో వెళ్ళండి. ఎవరైనా "ఈరోజు ఇది చేయలేను" అంటే కోచ్ ముఖం ఎలా మారుతుందో చూడండి. మా ఇంట్లో లాగా అమ్మానాన్నలని కూర్చోబెట్టి ఒక గంట చూడమనండి.

కనుబొమ్మ మీద గీత ఉన్న మా ఎడమ బేస్ పోయిన శనివారం ఫోన్ చేసింది. ఆమె మారడం లేదు, వాళ్ళ ఇంటికి అంత దూరం కుదరదు. కానీ మా జిమ్‌లో బ్యాక్‌స్పాట్‌కి ఏం నేర్పుతారో అడిగింది. నేను లేచి తలుపు వేసుకుని, ఫోన్ బల్ల మీద నిలబెట్టి, చేతులు ఎక్కడ పెట్టాలో, కాలు ముందుకి ఎలా వేయాలో వీడియో కాల్‌లో చూపించాను. ఆమె అటువైపు లేచి నిలబడి చేసి చూపించింది. కాలు ఇంకా వెనక్కే వెళ్తోంది. రేపు మళ్ళీ చేస్తానంది.