సగం జీతమా, సర్వే ఓడా?

1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిసింది. లక్ష దాటిన బ్రిటిష్ నౌకాదళ సిబ్బంది రెండు మూడేళ్లలో సుమారు 20 వేలకు పడిపోయింది. నావికులు ఇళ్లకెళ్లారు, ఆఫీసర్ల పేర్లు మాత్రం జాబితాలోనే ఉండిపోయాయి. వాళ్ల ముందు రెండు దారులు: ఒడ్డున సగం జీతం, లేదా తీరాలూ లోతులూ కొలిచి పటాలు గీసే సర్వే ఓడ. మరి ఎటు?

డబ్బు: ఒడ్డున ఉంటే సగం జీతం, పని లేదు. సర్వే ఓడలో పూర్తి జీతం, కానీ చేతి చమురూ వదలొచ్చు. బీగిల్ అనే సర్వే ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ 1833లో సాయంగా మరో ఓడను సొంత డబ్బుతో కొన్నాడు. నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ పైసా ఇవ్వలేదు, మరుసటి ఏడాదే అమ్ముకున్నాడు.

శ్రమ: ఒడ్డున ఉద్యోగం కోసం ఉత్తరాలు రాయడమే. ఓడలో సీసపు గుండు కట్టిన తాడు దించు, లోతు చూడు, పటంలో అంకె వెయ్యి, మళ్లీ దించు. ఇలా ఏళ్లకేళ్లు.

ప్రమాదం: ఒడ్డున విసుగు. ఓడలో ప్రాణమే పోవచ్చు. ఫిట్జ్‌రాయ్‌కి ముందు బీగిల్‌ని నడిపిన కెప్టెన్ స్టోక్స్ 1828లో తనను తానే కాల్చుకున్నాడు. 1845లో నౌకాదళ అన్వేషకుడు ఫ్రాంక్లిన్‌తో ఆర్కిటిక్ వెళ్లిన రెండు ఓడల్లో 129 మంది పోయారు.

ప్రమోషన్: అసలు మెలిక ఇదే. పూర్తి కెప్టెన్ ర్యాంకు (ఓడను నడపడం ఒక్కటే కాదు) వచ్చాక అడ్మిరల్ పదవి సీనియారిటీతోనే వచ్చేది, ఇంట్లో కూర్చున్నా సరే! ఫిట్జ్‌రాయ్ 1857లో రియర్ అడ్మిరల్ అయ్యేనాటికి లండన్‌లో వాతావరణ శాఖ నడుపుతున్నాడు.

అందుకే కెప్టెన్ హోదా, కాస్త ఆస్తి ఉంటే ఒడ్డే మేలు. కెప్టెన్ కంటే కింది ర్యాంకులో ఉండి, పలుకుబడి లేని కుర్ర లెఫ్టినెంట్‌కి, లెక్కలొస్తే, సర్వే ఓడే.