వంశమూలాల డీఎన్‌ఏ కిట్: అసలు సరుకు అంగీకార పత్రమే

మేరీలాండ్‌లో ఉంటున్న నేను పండుగ తగ్గింపులో వంశమూలాలు చెప్పే డీఎన్‌ఏ కిట్ ఒకటి కొన్నాను. ఫిర్యాదు కూడా ఉంది కనుక కంపెనీ పేరు రాయడం లేదు. కిట్ పనితీరుకు వంక పెట్టలేను: అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, గొట్టంలో గీత వరకు ఉమ్మి నింపి, అదే పెట్టెలో పోస్టు చేస్తే ఐదు వారాల్లో ఫలితం వచ్చింది. అయితే ఆ ఫలితం నా ఇంటిపేరు చెప్పేదానికంటే కొత్తగా చెప్పింది చాలా తక్కువ. బంధువుల జాబితా ఇంకా తమాషాగా ఉంది. మూడు తరాలుగా మేనరికాలు జరిగిన కుటుంబం కావడంతో ఉమ్మడి డీఎన్‌ఏ పాలు ఎక్కువగా తేలి, దూరపు చుట్టమైన ఒకావిడను మాకు బాగా దగ్గరి బంధువుగా చూపించింది.

అసలు పరిశీలించవలసింది అంగీకార పత్రాన్ని. బంధువులతో పోల్చడానికి ఒప్పుకుంటే పోలీసులు పంపే నమూనాలతో పోల్చడానికీ ఒప్పుకున్నట్టేనన్న వాక్యం ఎక్కడో లోపలి పేజీలో ఉంది. నేను దాన్ని ఫలితం వచ్చాకే చదివాను.

అరెస్టయినవారి డీఎన్‌ఏ తీసుకునే విషయంలో ఇదే రాష్ట్రంలో ఎంత వాదన జరిగిందో గుర్తుచేసుకుంటే నా తొందరపాటుకు సిగ్గేసింది. 2009లో దాడి కేసులో అరెస్టు చేసిన ఒకరి బుగ్గ లోపలి నుంచి పోలీసులు దూదిపుల్లతో తీసిన నమూనా, 2003 నాటి అత్యాచారం కేసుతో సరిపోయింది. తీవ్ర నేరారోపణపై అరెస్టయినవారి నుంచి అలా తీసుకోవడం వేలిముద్రలు తీసుకోవడం వంటిదేనని 2013లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. ఇది గుర్తింపు కోసం కాదు, పాత నేరాల ఆచూకీ కోసమేనని జస్టిస్ స్కాలియా విభేదించారు. పట్టుకున్న మనిషెవరో పోలీసులకు అప్పటికే తెలుసు కనుక నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది. అయినా అక్కడ కొన్ని కట్టుబాట్లున్నాయి: హింసాత్మక నేరాలు, దొంగతనానికి ఇంట్లో చొరబడటం వంటి ఆరోపణలకే నమూనా తీసుకోనిచ్చే మేరీలాండ్ చట్టం వర్తిస్తుంది; నేరం రుజువు కాకపోతే నమూనాను నాశనం చేయాలి. పోలీసులు పోల్చిచూసే జాతీయ డేటాబేసుకు ఇప్పుడు చేరేది డీఎన్‌ఏలోని 20 స్థానాల కొలతలే. నా కిట్ చదివినవి లక్షల స్థానాలు, అదీ నేనే డబ్బు కట్టి.

పైగా ఇది నా ఒక్కడి వ్యవహారం కాదు. 2018లో కాలిఫోర్నియా పోలీసులు పాత హత్యల నిందితుణ్ణి కనిపెట్టింది, అతని దూరపు బంధువులు వంశవృక్షాల వెబ్‌సైటులో ఉంచిన డీఎన్‌ఏ వివరాల ఆధారంగానే. ఇలాంటి వెతుకులాటకు న్యాయమూర్తి అనుమతి తప్పనిసరి చేస్తూ మేరీలాండ్ 2021లో చట్టం తెచ్చింది, అది మెచ్చదగినదే. అయితే నా ఉమ్మితో పాటు మా పిన్ని పిల్లల గుట్టు కూడా కొంత వెళ్లింది, వాళ్లనెవరూ అడగలేదు.

ఖాతా మూసేస్తే వివరాలు పోతాయి గానీ, ప్రయోగశాలలో మిగిలిన ఉమ్మిని నాశనం చేయమని విడిగా కోరాలి. రెండు ఈమెయిళ్లు, ఏడు వారాల ఎదురుచూపు తర్వాత ధ్రువీకరణ వచ్చింది. ఐదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ రెండూ ప్రయోగశాలకే. కొనదలచినవారు ముందు పోలీసు పోలికల అనుమతిని విడిగా తీసేసే వీలుందో లేదో చూసి, ఆ తర్వాతే గొట్టం మూత తీయండి.