గోడ పగలగొట్టే ముందు పరీక్ష చేయమనండి: ప్లంబింగ్ పని చేయించుకునేవాళ్లందరికీ జాగ్రత్త

ఇంట్లో ప్లంబింగ్ రిపేరు కోసం ఎవరినైనా పిలవబోతున్నారా? గోడ మీద చెమ్మ చూడగానే, ఒక్క పరీక్ష కూడా చేయకుండా "లోపల పైపు పగిలింది, టైల్స్ తీసేసి లైనంతా మార్చాలి" అని తేల్చేసే మనిషికి మాత్రం పని అప్పగించకండి. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా బాత్‌రూమ్ గోడకి అవతల పడకగది. అక్కడ నేల నుంచి జానెడు ఎత్తు దాకా రంగు ఉబ్బి, పొలుసులుగా ఊడడం మొదలైంది. ఇంటి రిపేర్లు చేసే ఒక సర్వీసుకి ఫోన్ చేశాం. వచ్చినతను గోడని రెండు చోట్ల వేళ్లతో తట్టి విన్నాడు, అంతే. ఒక్క కుళాయి తిప్పి చూడలేదు, నీళ్ల మీటరు దగ్గరికి వెళ్లలేదు, చెమ్మ ఎప్పటినుంచి ఉందని కూడా అడగలేదు. సగం డబ్బు ముందే తీసుకుని, షవర్ దగ్గర్నుంచి కింది దాకా టైల్స్ పగలగొట్టి, పాత పైపు కోసి బయట పడేశారు. ఆ పైపు చుట్టూ ఉన్న సిమెంటు పొడిపొడిగా రాలుతోంది. ఎక్కడా తడి లేదు. అదేంటని అడిగితే "లీకు ఇంకెక్కడో ఉంటుందండీ, నీళ్లు లోపల్లోపలే జారతాయి" అన్నారు. కొత్త లైను వేసి, టైల్స్ అతికించి, మిగతా డబ్బు పుచ్చుకుని వెళ్లారు. చెమ్మ తగ్గకపోగా ఇంకా పైకి పాకింది. మళ్లీ ఫోన్ చేస్తే అది వాటర్‌ప్రూఫింగ్ సమస్య, మా పని కాదన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

తెలిసినవాళ్లు ఇంకో ప్లంబర్‌ని పంపారు. పెద్దాయన. ఆయన వస్తూనే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ గోడ రాత్రీ పగలూ ఒకేలా తడిగా ఉంటోందా, స్నానాలయ్యాక ఎక్కువవుతోందా?"

ఆ ఒక్క ప్రశ్నలోనే సగం విషయం ఉంది. కుళాయిలకి వచ్చే మంచినీటి లైనులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి, అది పగిలితే మనం నీళ్లు వాడినా వాడకపోయినా కారుతూనే ఉంటుంది. మురుగు పైపులో మనం నీళ్లు వదిలినప్పుడే నీళ్లుంటాయి, కాబట్టి ఆ లీకు వాడకాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వానల తర్వాతే చెమ్మ వస్తుంటే అసలు ప్లంబర్‌తో పనే లేదు, బయటి గోడో పైకప్పో చూసుకోవాలి.

ఆయన మా చేత కుళాయిలన్నీ కట్టించి మీటరు చూపించారు. మీటరు మీద ఉండే చిన్న చక్రం ఏమాత్రం తిరగలేదు. అంటే మంచినీటి లైను బాగానే ఉందన్నమాట. తర్వాత బాత్‌రూమ్ నేల మీది జాలీ ఎత్తి టార్చి వేశారు. జాలీ కింద నీరు నిలిచి మురుగు గాలిని ఆపే భాగాన్ని ట్రాప్ అంటారు. ఆ ట్రాప్ అంచుకీ టైల్‌కీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. స్నానం చేసిన ప్రతిసారీ కొంత నీరు పైపులోకి పోకుండా ఆ సందులోంచి నేల కిందికి దిగి, గోడ పీల్చుకుంటోంది. ఆ అంచు చుట్టూ చెక్కి, శుభ్రం చేసి, సరిగ్గా పూడ్చి, పైన వాటర్‌ప్రూఫింగ్ పూశారు. షవర్ గోడ జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదు.

ఆయన చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. లీకు ఆగినా గోడ ఆరడానికి వారాలు పడుతుంది. "ఆగండి, ఆరుతుంది" అని తప్పించుకునేవాళ్లకి ఇదే ఆసరా. అందుకని రిపేరైన రోజే చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. చెమ్మ గీత దాటిందంటే లీకు ఆగలేదేమోనని అనుమానించి, మళ్లీ పిలిచి చూపించండి.

మీటరు పరీక్షకి ప్లంబర్ అక్కర్లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. మీటరు లేని ఇంట్లోనో, పైన ట్యాంకు నుంచి నీళ్లు దిగే ఇంట్లోనో అయితే రాత్రి ట్యాంకులోకి నీళ్లు వచ్చే వాల్వు కట్టేసి, నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టుకుని, ఎవరూ నీళ్లు వాడకుండా పొద్దున చూడండి. మట్టం తగ్గితే ఎక్కడో పోతోంది. గోడని అనుమానించే ముందు ఫ్లష్ ట్యాంకుని అనుమానించండి. చప్పుడు లేకుండా నీళ్లు పోయేది ఎక్కువగా అక్కడే. ఫ్లష్ ట్యాంకు నీళ్లలో కాస్త తినే రంగు కలిపి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగిందంటే లోపలి వాషరో వాల్వో అరిగింది. చిన్న భాగం మారిస్తే పోయేదానికి కమోడే మార్చాలని చెప్పేవాళ్లున్నారు.

నీళ్లు సన్నగా వస్తున్నాయనుకోండి, ఒక్క కుళాయిలోనా, అన్నిట్లోనా చూడండి. ఒక్కదాంట్లోనే అయితే మూతి దగ్గరి జాలీలో ఉప్పు పేరుకుని ఉంటుంది. విప్పి వెనిగర్‌లో నానబెట్టి కడిగితే చాలు. ఇంట్లో అన్నిట్లోనూ ఒకేసారి తగ్గితే మెయిన్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాక తగ్గిందంటే లైనులో గాలి చిక్కుకుని ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే అప్పుడు పిలవండి. చుక్కచుక్క కారే కుళాయిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సెకనుకి ఒక చుక్క అంటే రోజుకి 86,400 చుక్కలు. సాధారణంగా పాడయ్యేది వాషరో, లోపలి కార్ట్రిడ్జో.

మురుగు విషయంలోనూ ఇదే లెక్క. ఒక్క సింకులోనే నీళ్లు నిలుస్తుంటే అడ్డు సాధారణంగా ఆ సింకు కిందే ఉంటుంది. బకెట్ పెట్టి కింది ట్రాప్ విప్పి శుభ్రం చేస్తే పోతుంది. కానీ కమోడ్ ఫ్లష్ చేసినప్పుడు బాత్‌రూమ్ ట్రాప్‌లోంచి గుడగుడమని చప్పుడు రావడం, రెండుమూడు చోట్ల ఒకేసారి నీళ్లు నిలవడం, మురుగు పైకి తన్నడం మెయిన్ లైను మూసుకుపోయిన లక్షణాలు. వెంటనే నీళ్ల వాడకం ఆపి ప్లంబర్‌ని పిలవాలి. ఈలోగా యాసిడ్లూ పౌడర్లూ ఒకదాని మీద ఒకటి పోయకండి. బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇప్పటికే ఏదైనా పోసి ఉంటే వచ్చిన ప్లంబర్‌కి ముందే చెప్పండి, లేకపోతే పాపం ఆయన చేతులూ కళ్లూ కాలిపోవచ్చు.

వాడని బాత్‌రూమ్‌లో వాసన వస్తోందని మొత్తం పైపులు మార్చమంటే నమ్మకండి. ట్రాప్‌లోని నీరు ఎండిపోతే మురుగు గాలి లోపలికి వస్తుంది. ముందు రెండు మగ్గుల నీళ్లు పోసి చూడండి.

పైపు పగిలి నీళ్లు చిమ్ముతున్నా, స్విచ్‌బోర్డు దగ్గర గోడ తడిసినా, సీలింగ్ ఉబ్బి నీళ్లు కారుతున్నా పరీక్షలు పెట్టుకోవద్దు. మెయిన్ వాల్వు కట్టేయండి. కరెంటు మెయిన్ కూడా ఆపండి, కానీ ఆ బోర్డు దగ్గరే తడి ఉంటే ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, ఏడాదికోసారైనా తిప్పి చూడాలి. తిప్పక బిగుసుకుపోయిన వాల్వు అవసరానికి పనికిరాదు.

నిజంగానే పైపు మార్చాల్సి వస్తే, గోడ మూసేలోపు ప్రెషర్ టెస్టు చేయమని పట్టుబట్టండి. కుళాయిలు బిగించే చోట్లన్నీ ప్లగ్గులతో మూసి, చేతి పంపుతో లైనులోకి నీళ్లు ఎక్కించి, గేజ్ ముల్లు దిగకుండా నిలుస్తుందో లేదో చూస్తారు. మా ఇంట్లో మొదట వచ్చినవాళ్లు ఆ పని చేయనే లేదు. ప్లాస్టిక్ పైపులకి గమ్ము వేసి అతికించాక డబ్బా మీద రాసిన సమయం దాకా ఆరనివ్వాలి, తొందరపడి నీళ్లు వదిలితే అతుకు ఊడుతుంది. వేడినీళ్లకి మామూలు పీవీసీ వాడనివ్వకండి, సీపీవీసీ లాంటి వేడికి తట్టుకునే రకమే వేయమనండి. గోడ తెరిచి ఉండగానే పైపుల ఫోటోలు తీసుకోండి. తీసేసిన పాత భాగాలు మీ చేతికివ్వమనండి. ఏం చేస్తారు, ఎంతవుతుంది, మళ్లీ కారితే ఎవరు చూసుకుంటారు, ఈ మూడూ పని మొదలుకాకముందే కాగితం మీదికి రావాలి. రాయడానికి ఒప్పుకోనివాళ్లకి ముందస్తు డబ్బు ఇవ్వకండి.

చివరిగా గీజర్ సంగతి. నీళ్లు వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వులోంచి కొన్ని చుక్కలు పడడం సహజం. వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడి బయటికి పోయే దారి అదే. ఆగకుండా ధారగా పోతుంటే మాత్రం వాల్వో, వేడిని అదుపు చేసే థర్మోస్టాటో పాడైనట్టు, లేదా లైనులో ఒత్తిడి మరీ ఎక్కువున్నట్టు. గీజర్ ఆపేసి తెలిసినవాళ్లకి చూపించాలి. కొందరు ఆ చుక్కల్ని "లీకు" అని చెప్పి, అక్కడ ఒక ప్లగ్గు బిగించి డబ్బు తీసుకుని పోతారు. ఒత్తిడి పోయే దారి లేక ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. మీ గీజర్‌కి ఎవరైనా అలా బిగించి ఉంటే ఇప్పుడే వెళ్లి స్విచ్ ఆపండి. ప్లగ్గు తీసి కొత్త వాల్వు వేయించేదాకా వేయకండి.