జాగ్రత్త: ఇన్‌స్టాలో కుక్కల బాల్ లాంచర్ కొనబోతున్నారా, ముందు ఇది చదవండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

నాకు అది అమ్మిన పేజీ పేరు రాయను. రాస్తే ఆ పేజీ నడిపేవాడు పరువు నష్టం కేసు వేస్తాడట, ఫోన్‌లోనే సెలవిచ్చాడు. అయినా వైజాగ్‌లో కుక్కలున్నవాళ్ళకి పేరు అక్కర్లేదు. ప్రతి రీల్‌లోనూ బీచ్‌లో పరిగెత్తే అదే హస్కీ కుక్క, వెనక అదే ఇంగ్లీషు పాట, ధర అడిగితే "డీఎం చెయ్యండి", అంటే విడిగా మెసేజ్ పెట్టమని. ఆ మహానుభావుడే.

మాది ల్యాబ్, అదే, ల్యాబ్రడార్ కుక్క. పేరు గుండు, ముప్పై కిలోల పైనే ఉంటాడు. బాల్ కనిపిస్తే పెరుగన్నం కూడా వదిలేస్తాడు. నాకేమో కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. పొద్దున్నే బీచ్‌కి తీసుకెళ్ళి నాలుగు అడుగుల దూరం విసిరితే వాడు నా వైపు జాలిగా చూసేవాడు. అందుకని లాంచర్ కొందామనుకున్నాను. భుజం నొప్పి తగ్గించుకుందామని తలనొప్పి కొని తెచ్చుకున్నాను.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను, అదేం బ్రహ్మవిద్య కాదు. మూరెడు పొడవు ప్లాస్టిక్ కర్ర, చివర బాల్‌ని పట్టుకునే చిన్న దొప్ప. కింద పడిన బాల్ మీద దొప్ప పెట్టి నొక్కితే బిగుసుకుంటుంది. వంగక్కర్లేదు, సొంగ చేతికి అంటదు. కర్ర పొడవు మన చేతి పొడవుకి తోడవుతుంది కాబట్టి కాస్త విసురుగా ఊపితే చాలు, బాల్ చాలా దూరం పోతుంది. చకిట్ అని అమెరికా బ్రాండ్ ఒకటి ఇందులో పేరున్నది. వాళ్ళ బాల్స్ సైజుల వారీగా వస్తాయి, మీడియం అంటే రెండున్నర అంగుళాలు, అటూ ఇటూగా టెన్నిస్ బాల్ అంత. మన మహానుభావుడు పెట్టిన ఫోటోలు అవే, నీలం కర్ర, నారింజ బాల్. కింద మాత్రం "ఇంపోర్టెడ్ క్వాలిటీ" అని రాశాడు. ఇంపోర్టెడ్ క్వాలిటీ అంటే ఏమిటో నాకు ఇప్పుడు బాగా తెలుసు.

నేను అడక్కుండా కొనలేదండీ. "మాది ల్యాబ్, పెద్దది. ఈ బాల్ సరిపోతుందా? నోట్లో ఇరుక్కోదు కదా?" అని స్పష్టంగా అడిగాను. నిమిషంలో జవాబు వచ్చింది, "ల్యాబ్‌కి పర్ఫెక్ట్ మేడమ్, 100% సేఫ్, టెన్నిస్ బాల్ సైజు". ఎన్ని మేడమ్‌లో! క్యాష్ ఆన్ డెలివరీ లేదు, యూపీఐలో 1,299 రూపాయలు ముందే పంపాను. డబ్బు వెళ్ళింది పేజీ పేరు మీదకి కాదు, ఎవరో మనిషి పేరు మీదకి. అక్కడే ఆగాల్సింది. హస్కీ మొహం చూసి ఆగలేదు.

వచ్చిన పార్సిల్ మీద అడ్రస్ స్టిక్కర్ తప్ప ఏమీ లేదు. లోపలి కవర్ మీద ఎమ్మార్పీ లేదు, తెప్పించినవాళ్ళ పేరు లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. కర్ర నీలం కాదు, ఏదో ఆకుపచ్చ. బాల్ చేతిలోకి తీసుకుంటే చిన్నగానే అనిపించింది కానీ, దొప్పలో సరిగ్గా కూర్చుంది కదా అని ఊరుకున్నాను. కూర్చోదా మరి, దొప్ప కూడా ఆ చిన్న బాల్‌కే చేశారు! తర్వాత ఇంట్లో ఉన్న మామూలు టెన్నిస్ బాల్ పెట్టి చూస్తే దొప్ప అంచు దగ్గరే ఆగిపోయింది.

బీచ్‌లో మొదట బాగానే ఉంది. భుజం నొప్పి లేదు, గుండు సంతోషం చెప్పక్కర్లేదు. తర్వాత ఒకసారి కాస్త పైకి విసిరాను. వాడు అలవాటుగా నోరు బార్లా తెరిచి ఎగిరి గాల్లోనే పట్టాడు. కిందకి దిగాక ఎప్పటిలా తోక ఊపుతూ రాలేదు. అక్కడే నిలబడి ముందు కాలితో మూతి గీరుకుంటున్నాడు. ఇసుక పడిందేమో అనుకుని దగ్గరకి వెళ్ళాను. శబ్దం లేదు. దగ్గు లేదు, మూలుగు లేదు. నాలుక అంచులు నీలంగా మారుతున్నాయి. నోట్లోకి చూస్తే నాలుక వెనక పచ్చగా బాల్, సొంగతో నున్నగా మెరుస్తోంది. రెండు వేళ్ళు పెట్టి లాగబోయాను. జారింది. ఇంకా లోపలికి పోయింది.

ఆ టైంలో రోజూ వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకాయన, నేవీలో చేసి రిటైరైనవారు, పరుగున వచ్చి "వేలు పెట్టకమ్మా, పెట్టకు!" అని అరిచారు. వెనక నుంచి గుండుని కాళ్ళ మధ్య పట్టుకుని, రెండు చేతులూ గొంతు కిందకి పోనిచ్చి, బయట నుంచే బాల్ ఎక్కడుందో తడిమారు. దవడ ఎముకల వెనక నుంచి రెండు బొటనవేళ్ళతో నోటి వైపు గట్టిగా నెట్టారు. ఒక్కసారి కాదు, ఆగి, మళ్ళీ పట్టు చూసుకుని నెట్టారు. బాల్ ఎగిరి ఇసుకలో పడింది. గుండు తీసిన ఆ మొదటి ఊపిరి శబ్దం నేను మాటల్లో చెప్పలేను, ప్రయత్నించను కూడా. ఆయన పేరైనా అడగలేదు నేను, ఆ కంగారులో.

డాక్టర్ గారి దగ్గర ఎక్స్‌రే, ఇంజక్షన్లు, గొంతు వాపుకి మందులు, మెత్తటి తిండి. బిల్లు సంగతి వదిలేయండి. ఇంటికొచ్చి బాల్‌ని రెండు లావుపాటి పుస్తకాల మధ్య పెట్టి స్కేలుతో కొలిచాను. 5 సెంటీమీటర్ల మీద ఒక గీత. టెన్నిస్ ఆటలో వాడే మామూలు బాల్ 6.54 నుంచి 6.86 సెంటీమీటర్లు ఉండాలి. సెంటీమీటరున్నర తేడా, "టెన్నిస్ బాల్ సైజు" అట.

ఇక ఫోన్ సంగతి. అసలు ఇది రాస్తున్నదే దాని కోసం.

బాల్ ఇరుక్కుంటే తప్పు బాల్‌దే అనను, ఎవరికైనా జరగొచ్చు. నేను ఆ పేజీవాడికి ఫోన్ చేసింది ఒక్క డబ్బు కోసమే కాదు, నిజం. "ఇలా జరిగింది బాబూ, పెద్ద కుక్కలకి ఈ సైజు అమ్మకండి, నా డబ్బు వెనక్కి ఇచ్చేయండి చాలు" అని చెప్దామని చేశాను. ఒక్క "అయ్యో" వస్తుందేమో అనుకున్నాను. "అయ్యో, ఇప్పుడెలా ఉందండీ?" అని కుక్కలున్న ఎవడైనా అంటాడు. మొత్తం విన్నాడు. విని, "మేం బాల్ అమ్మాం ఆంటీ, గొంతులో పెట్టమని చెప్పలేదు" అన్నాడు.

డబ్బు పంపేదాకా మేడమ్‌ని. పంపాక ఆంటీని. సరే, వయసు అయిందిలే.

నేను గట్టిగా మాట్లాడితే, మీ కుక్కకి ట్రైనింగ్ లేదు, మేం ఎంతోమందికి అమ్మాం, ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు, కావాలంటే నెక్స్ట్ ఆర్డర్‌కి పది శాతం డిస్కౌంట్ ఇస్తాం అన్నాడు. నెక్స్ట్ ఆర్డర్! ఇంకో బాల్ కొని మిగతా పని కూడా పూర్తి చేసుకోమని కాబోలు.

"ల్యాబ్‌కి పర్ఫెక్ట్ అని, వంద శాతం సేఫ్ అని రాసింది మీరే కదా" అన్నాను. చాలా శాంతంగా, నవ్వుతూ, "నేనెక్కడన్నాను ఆంటీ? చాట్ తీసి చూడండి" అన్నాడు.

స్పీకర్‌లో పెట్టి చాట్ తెరిచాను. నా ప్రశ్న ఉంది, "నోట్లో ఇరుక్కోదు కదా?" అని. దాని కిందే నా మెసేజ్, "థాంక్యూ అండీ, పంపిస్తున్నాను". మధ్యలో ఏమీ లేదు. అడిగిందీ నేనే, థాంక్యూ చెప్పిందీ నేనే. ఎవరైనా చూస్తే నాకు మతి పోయిందనుకుంటారు. పైకి జరిపితే సైజు గురించి ఇంకో జవాబు కనిపించింది, హమ్మయ్య అనుకుని చదివేలోపు అదీ మాయమైంది. నాతో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతూనే, ఇంకో చేత్తో ఒక్కొక్కటీ తీసేస్తున్నాడు! చివరికి ఆయన వైపు నుంచి మిగిలింది ఒక్కటే, "పేమెంట్ రిసీవ్డ్", పక్కన రెండు చేతులు జోడించిన దండం బొమ్మ.

వాట్సాప్‌లో డిలీట్ చేస్తే చేసినట్టు కనీసం ఒక గుర్తు మిగులుతుంది. ఇన్‌స్టాలో పంపినవాడు అన్‌సెండ్ కొడితే మన ఫోన్‌లో కూడా ఆనవాలు ఉండదు, పాత మెసేజ్ అయినా సరే. ఇది నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఆయనకి మాత్రం బాగా అలవాటున్నట్టుంది, చెయ్యి తిరిగిన పనితనం. తర్వాత బ్లాక్ చేశాడు. ఇప్పుడు నాకు ఆ పేజీ కనబడదు. మా అమ్మాయి ఫోన్‌లో చూస్తే హస్కీ ఇంకా పరిగెడుతూనే ఉంది.

కానీ ఒకటి ఆయనకి తెలియదు. గాజువాకలో ఉన్న మా చెల్లికి బీగిల్ కుక్క ఉంది. కొనేముందు "నీకూ ఒకటి తీసుకోనా?" అని ఆ "100% సేఫ్" జవాబుతో సహా స్క్రీన్‌షాట్ పంపాను దానికి. అది వాట్సాప్‌లో భద్రంగా ఉంది, పేజీ పేరుతో సహా. పరువు నష్టం అన్నావుగా బాబూ, పరువు ఎవరిదో అక్కడే తేల్చుకుందాం. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ ఇచ్చాను, నంబరు వచ్చింది. దాంతో కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, ఇంపోర్టర్ పేరు లేకపోవడం వేరే తప్పు, అది తూనికలు కొలతల శాఖకి విడిగా రాస్తున్నాను. బాల్, కర్ర, ఆ బోడి కవర్ ఏదీ పారెయ్యలేదు.

కొనేవాళ్ళకి ఏమైనా చెప్పాలంటే, బాల్ సైజు సెంటీమీటర్లలో రాసివ్వమనండి, "ల్యాబ్‌కి ఓకే" లాంటి మాటలు వద్దు. ఇచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకళ్ళకి పంపేయండి. బాల్ నోటి వెనక పళ్ళు దాటి లోపలికి పోయేంత చిన్నదైతే ఆ కుక్కకి అది వద్దే వద్దు, ఇది డాక్టర్ గారు తిట్టి మరీ చెప్పిన మాట. మీడియంకి లార్జ్‌కి మధ్య అనుమానం ఉంటే లార్జే, లాంచర్ కూడా దానికి తగ్గదే. టెన్నిస్ బాల్ సైజు సరిపోయినా రోజూ నమలనివ్వొద్దట, పైనున్న నూగు, దానికంటుకున్న ఇసుక కలిసి పళ్ళు అరగదీస్తాయట. ఎత్తుగా గాల్లోకి కాకుండా నేల మీద దొర్లేలా తక్కువ ఎత్తులో విసరండి. ఇరుక్కుంటే వేళ్ళు పెట్టకండి, ఆ పెద్దాయన చేసినట్టు బయట నుంచి నెట్టండి, వచ్చినా రాకపోయినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

గుండు బాగానే ఉన్నాడు, మెత్తగా పిసికిన పెరుగన్నం తిన్నాడు. మొరుగుడు ఇంకా బొంగురుగానే ఉంది.

ఆ పేజీలో ఆకుపచ్చ కర్ర కొన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే బాల్ కొలిచి ఫోటో తీసి నాకు పంపండి, పేమెంట్ రసీదుతో సహా. నలుగురం కలిస్తే ఒకే కంప్లైంట్‌గా వెయ్యొచ్చు.