కోరింగలో పాటు వేళ

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లే ముందు ఆ రోజు పాటు, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళ, ఎన్నింటికో కనుక్కోండి. ఆ సంగతి తెలియక మేం మొదటిరోజు నీళ్లు ఎక్కే పోటు మీద వెళ్లాం. చెక్క వంతెన కింద బురద నీళ్లు, పైన పచ్చటి ఆకులు, అంతే. ఫొటోలు దిగి గంటలో బయటికొచ్చేశాం. మర్నాడు పొద్దున్నే నీళ్లు తీసిన వేళకి మళ్లీ వెళ్తే ఇది నిన్న చూసిన చోటేనా అనిపించింది. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ శ్వాస వేర్లు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒక డెక్క పెద్దగా, ఇంకోటి చిన్నగా ఉండే పీతలు, బురద మీద గెంతే చేపలు. మా పాప వంతెన మీద బోర్లా పడుకుని అరగంట లేవలేదు.

మాతో వచ్చిన పెద్దాయన పక్క ఊరి మత్స్యకారుడు. ఇక్కడి ఊళ్లవాళ్ల కమిటీలు అటవీ శాఖతో కలిసి ఈ చోటు చూసుకుంటున్నాయి. పాప ఒక కొమ్మ మీద చెయ్యి వేయబోతే, "ఆగమ్మా, అది తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని ఆపాడు. తర్వాత మడ ఆకు ఒకటి తెంపి నాలుకకి తాకించుకోమన్నాడు. ఉప్పగా ఉంది! పీల్చుకున్న ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదికి నెట్టేస్తుందట.

"మా చిన్నప్పుడు పొయ్యిలోకి ఈ కట్టెలే కొట్టుకొచ్చేవోళ్లమండి. తొంభై ఆరు తుపాను చూశాక మడ విలువ తెలిసిందండి, ఆయ్" అన్నాడు. 1978లోనే దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. కానీ 235 చదరపు కిలోమీటర్ల అడవిని గార్డులే ఎంతని కాస్తారు? ఊరివాళ్లు తమదనుకోబట్టే నిలిచిందని నాకు గట్టిగా అనిపించింది.

నా మనసులో బాగా నిలిచిపోయింది ఆయన చెప్పిన కాలువల సంగతి. చెట్లు కొట్టేసిన చోట నేల కుంగి, నీళ్లు నిలిచి, ఎండకి ఆరి ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఊరికే మొక్క నాటితే బతకదు. అందుకని చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు. మధ్యలో పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు నీళ్లు లోపలిదాకా వచ్చిపోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది, మొక్క నిలుస్తుంది. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఊరివాళ్లతో కలిసి ఈ పద్ధతిలోనే మడ పెంచింది.

బస విషయానికొస్తే, కాకినాడలో మేం దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది. కానీ ఫోన్లో ఉంటాయన్న వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు, ఒక బక్కెట్టు కాచి ఇమ్మంటే విసుక్కున్నారు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య చన్నీళ్లతోనే సర్దుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్తే గదిలో కుళాయి తిప్పి చూశాకే డబ్బులు కట్టండి. అయినా నేను కాకినాడనే ఎంచుకుంటాను. పొద్దున్నే టిఫిను దొరుకుతుంది, యానాం రోడ్డులో బస్సులూ ఆటోలూ ఉంటాయి. సాయంత్రం గోదావరి ఒడ్డున కూర్చోవాలంటే యానాంలో దిగండి.

చేపలు పట్టి తినే అడవిపిల్లి, బావురు పిల్లి కనిపిస్తుందని పిల్లలకి మాట ఇవ్వకండి. అది ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది. మాకు బురదలో అడుగుజాడలే దొరికాయి. దగ్గర్లోని హోప్ ఐలాండ్ దీవికి వెళ్లడం ఈసారి కుదరలేదు. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అది.

పడవ షికారు మాత్రం పాటు మీద పెట్టుకోకండి, కాలువలో నీళ్లు చాలక తిప్పరు. ముందు వంతెన మీద నడిచి, పోటు తగిలాక పడవెక్కితే రెండూ దక్కుతాయి. మా పడవ మలుపు తిరిగేటప్పుడు వేళ్ల మధ్య ఇరుక్కున్న చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు కనిపించాయి. పెద్దాయన పడవ ఆపి, వంగి, అందినన్ని ఏరి గోనెసంచిలో వేశాడు. సంచి అప్పటికే సగం నిండి ఉంది.